పదో దేవత అక్కర్లేదు

కథలో కవిత్వమో రాసే స్త్రీని సన్మానించేటప్పుడు మన సభల్లో ‘అపర సరస్వతి’ అన్న మాట ఎక్కడో ఒకచోట దొర్లుతుంది. నన్నూ ఓసారి అన్నారు. శాలువా కప్పిన పెద్దాయన నా కథ ఒక్కటీ చదవలేదని ఆయన ప్రసంగంలోనే తెలిసిపోయింది. ఆ పొగడ్త నన్నెందుకు అంతగా గుచ్చుకుందో, గ్రీకు కవయిత్రుల్ని చదువుతున్నప్పుడు అర్థమైంది.

గ్రీకుల కళాదేవతలు తొమ్మిదిమంది మ్యూజ్‌లు. జ్ఞాపకానికి అధిదేవత నెమోసినీ వాళ్ళ తల్లి, జ్యూస్ తండ్రి. హెసియడ్ ‘థియోగొనీ’ మొదట్లో, హెలికాన్ కొండ కింద గొర్రెలు కాసుకునే ఆ కవి చేతికి వాళ్ళు లారెల్ కర్ర ఇచ్చి, గొంతులో పాట నింపుతారు. నిజంలాంటి అబద్ధాలూ తెలుసు, తలుచుకుంటే నిజాలూ తెలుసు అని చెప్పగలిగినవాళ్ళు. హోమర్ కూడా ‘ఇలియడ్’ మొదటి పంక్తిలోనే దేవతని పాడమని వేడుకుంటాడు. పాట ఆమెది, కావ్యం మీద పేరు ఆయనది.

ఈ ఏర్పాటులో తానే పాడే ఆడమనిషికి చోటెక్కడ? శాఫోని పదో మ్యూజ్ అన్నారు. ఆ మాటున్న పద్యం ప్లేటోదని చెప్తారు. తర్వాత థెస్సలొనికా ఆంటిపేటర్ ప్రాక్సిల్లా, మొయిరో, ఆనిటే, శాఫో, ఎరిన్నా, టెలెసిల్లా, కొరిన్నా, నాసిస్, మిర్టిస్ అని తొమ్మిదిమందిని లెక్కపెట్టి, భూమి కన్న మ్యూజ్‌లన్నాడు. ఇన్ని పేర్లు ఒకచోట నిలిపినందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ తొమ్మిది ఎవరి లెక్క? ఆకాశంలో ఉన్నవాళ్ళకి సరిపోయేలా కుదిర్చిన లెక్క. వీళ్ళలో ఎవరు ఏం రాశారన్నది ఆ లెక్కలో వెనక్కి పోయింది. మిర్టిస్ పద్యం ఒక్క పంక్తి కూడా మనకి మిగల్లేదు. మగకవుల రాతలూ బోలెడు పోయాయి, నిజమే. అయినా వాళ్ళని దేవుళ్ళని చేసి సరిపెట్టలేదు. 1650లో ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితలు లండన్‌లో అచ్చయినప్పుడు కూడా పుస్తకానికి పెట్టిన పేరు అమెరికాలో కొత్తగా పుట్టిన పదో మ్యూజ్ అనే. అచ్చుకి చేర్చింది ఆమె చెల్లెలి భర్త.

ఈ కవయిత్రులు తమని తాము ఏమనుకున్నారు? నన్ను ఆపింది ఈ ప్రశ్నే. శాఫో తాను మ్యూజ్‌నని ఎక్కడా అనలేదు. దేవతలు తమ విద్య ఇచ్చి తనకి గౌరవం తెచ్చారంది. ఆ దేవతల గులాబీల్లో పాలు లేని ఇంకో స్త్రీని, చచ్చాక నిన్నెవరూ తలుచుకోరని దెప్పింది కూడా. అది దేవత మాట కాదు. తన పనితనం తెలిసిన మనిషి పొగరు. ఆ పొగరంటే నాకిష్టం. ఎరిన్నా ‘ఎలకాటే’, అంటే నూలు వడికే కదురుకోల, పెళ్ళయి చనిపోయిన స్నేహితురాలు బాకిస్ కోసం ఏడ్చిన కావ్యం. 1928లో ఈజిప్టులో దొరికిన పపైరస్ ముక్కల్లో చిన్ననాటి ఆటలు, బొమ్మలు, అమ్మ కనిపిస్తాయి. కొండ మీది దేవతలకి తెలియని సంగతులివి.

దక్షిణ ఇటలీలోని లోక్రి ఊరి నాసిస్ తాను మ్యూజ్‌లకి ప్రియమైనదాన్నని చెప్పుకుంది. ఇంకో పద్యంలో హీరా దేవికి నారబట్ట సమర్పిస్తూ, దాన్ని నేసింది తానూ, అమ్మ థియోఫిలిస్ అనీ, ఆ అమ్మకి అమ్మ క్లియోకా అనీ రాసింది. తండ్రి పేరుతో మనిషిని గుర్తుపట్టే సమాజంలో మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు! మ్యూజ్‌ల తల్లి జ్ఞాపకం అన్న కథకి ఇంతకన్నా మంచి అర్థం నాకు దొరకలేదు. పూజ చేస్తే జ్ఞాపకం నిలవదు. పేరు రాయాలి, రాసింది చదవాలి.

మళ్ళీ ఎవరైనా నన్ను అపర సరస్వతి అంటే, నా కథల్లో ఏది చదివారండీ అని మైకు ముందే అడుగుతాను.