దేశి మార్గముల మేళనము : నీనా సిమోన్ పియానో గానము

మార్గము, దేశి యను విభాగము మన లక్షణకారులు సంగీతమునకును, నన్నెచోడాదులు కవిత్వమునకును చెప్పినదే. దీనిని తారతమ్యముగ గ్రహించుటవలన, దేశి యనునది శాస్త్రమునకు ముడిసరకు మాత్రమే యను భావము విమర్శలో బలపడినది. ఈ భావమును పరీక్షించుటకు అమెరికా నల్లజాతి గాయని నీనా సిమోన్ 1969లో వెలువరించిన 'నీనా సిమోన్ అండ్ పియానో!' అను రికార్డు తగిన లక్ష్యమని మా తలంపు. ఇందు పాడునదియు, పియానో వాయించునదియు ఆమెయే.

సిమోన్ 1933లో ఉత్తర కరోలినాలోని ట్రయాన్‌లో జన్మించెను. తల్లి మెథడిస్టు మతబోధకురాలు. బాల్యమున చర్చిలో వాయించుచునే ఆమె యొక ఉపాధ్యాయిని యొద్ద బాఖ్ కృతులను నేర్చెను. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయము ఆమెకు ప్రవేశము నిరాకరించెను. వర్ణవివక్షయే కారణమని ఆమె విశ్వసించెను. 2003లో, ఆమె మరణమునకు కొలది దినములు ముందు, ఆ విద్యాలయమే గౌరవపట్టము నొసగెను. కావున శాస్త్రీయ జానపద భేదము ఆమెకు కేవల సిద్ధాంతచర్చ కాదు.

ఇందలి 'నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్' అను భక్తిగీతమును 1927లో బ్లైండ్ విల్లీ జాన్సన్ గిటారుతో పాడి రికార్డు చేసెను. అతడు పాదమును నడుమ విడువగా గిటారు దానిని పూరించును. ఒకరు పలుకగా సంఘమంతయు బదులుపలుకు ఆరాధనాసంప్రదాయమే దీనికి మూలము. సిమోన్ గానమున ఆ బదులుపలుకు భారమును పియానో వహించినది. వాద్యము మార్గమునకు చెందినదైనను, అది చేయు పని దేశిది.

పియానో మెట్లు స్థిరములు. రెండు మెట్ల నడిమి స్వరమును అది పలుకజాలదు. బ్లూస్ గానమునకు ప్రాణము ఆ నడిమి స్వరములే. గమకమెరిగిన మన శ్రోతకు ఈ చిక్కు క్రొత్తది కాదు. 1940లో అఖిల భారత రేడియో హార్మోనియమును నిషేధించుటకు గల హేతువులలో ఇదియు నొకటి. సిమోన్ ఈ లోపమును కప్పిపుచ్చదు. వాద్యము నిశ్చలముగ నిలువగా, కంఠము దాని నొరసికొనుచు జారును. ఆ యొరపిడియే ఇచట భావవ్యంజకము.

రికార్డంతయు నొక్కతీరుగ లేదు. లెనార్డ్ బెర్న్‌స్టీన్ రచించిన 'హూ యామ్ ఐ' యందు నాటకీయత హెచ్చు, మేళనము పలుచన. బానిసత్వమనుభవించిన దంపతుల కుమారుడగు కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పద్యమునకు ఆమె కూర్చిన 'కాంపెన్సేషన్' అట్లు కాదు. అందు లిఖితకవిత మరల నోటిపాటయైనది.

పాల్కురికి సోమనాథుడు సంస్కృతపాండిత్యము గలిగియు బసవపురాణమునకు ద్విపదనే గ్రహించెను. దానిని అశక్తి యని యెవరును అనరు. కావున జానపదగేయ పరిశోధకులు శాస్త్రీయాంశములను ఏరి పట్టిక వేయుటతో తృప్తినొందరాదు. ఆ రెంటిలో ఏది దేనిచే పనిచేయించుకొనుచున్నదో విచారింపవలెను. ఈ రికార్డున పియానోచే పనిచేయించుకొన్నది పాటయే.