డబ్బు ఎక్కడ తగ్గింది?

పాత కట్టడం ముందు నిలబడితే, కట్టించినవాడు ఎక్కడ గొప్పకు పోయాడో నేను చూడను. ఎక్కడ తగ్గాడో వెతుకుతాను. ఖర్చు పెట్టిన చోటు ఎలాగూ కనిపిస్తుంది, కనిపించాలనే కదా పెట్టింది! తగ్గిన చోట మాత్రం అతని భయం, లెక్క, ఇరుగుపొరుగుతో ఉన్న తగువు బయటపడతాయి. ఇలా చూడటం అలవాటైనవాళ్లకి ఫ్లోరెన్స్‌లో చేతినిండా పని.

అక్కడి మెడిచీ కుటుంబపు బ్యాంకు 1397లో జొవాన్ని ది బిచ్చి పెట్టింది. పోపుల లావాదేవీలు చూసే స్థాయికి ఎదిగింది. ఊరు మాత్రం పేరుకి గణతంత్రం. అక్కడ మరీ పైకి వచ్చినవాణ్ణి ఊరే వెళ్లగొట్టేది. జొవాన్ని కొడుకు కోసిమోకి 1433లో అదే జరిగింది. మరుసటేడు తిరిగొచ్చి పట్టు బిగించాడు. 1444లో సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి చూపిన నమూనా మరీ ఆర్భాటంగా ఉందని పక్కన పెట్టి, పని మరో వాస్తుశిల్పి మికెలొట్సోకి అప్పగించాడని, కళాకారుల జీవితాలు రాసిన వసారి చెప్పాడు.

దాన్ని వినయం అంటారు. నేను నమ్మను. ఆ ఇంటి కింది అంతస్తుకి ఉబ్బెత్తుగా, మొరటుగా చెక్కిన రాళ్లు. పైకి వెళ్లేకొద్దీ గోడ నునుపవుతుంది. ఆ మొరటు రాయి అప్పటికే ఊళ్లో ఒక పెద్ద భవనానికి ఉంది, అది ప్రభుత్వ భవనం. పాలకుడి పదవి లేని మనిషి పాలకుల గోడ తెచ్చి తన ఇంటికి తొడిగాడన్నమాట. ఆ గోడ వెంబడే వీధివైపు రాతి బల్ల ఉంది, మన పాత ఇళ్ల అరుగు లాంటిది. పనిబడి వచ్చినవాళ్లు కూర్చునేది దాని మీదే.

అప్పట్లో వడ్డీ తీసుకోవడం చర్చి దృష్టిలో పాపం. బ్యాంకులు హుండీల మారకంలో లాభం చూసుకునేవి, కానీ మనసులో గుబులు అలాగే ఉండేది. సాన్ మార్కో మఠాన్ని బాగుచేయించడానికి పదివేల ఫ్లోరిన్లు పెట్టమని పోప్ సూచించాడనీ, కోసిమో అంతకు ఎన్నో రెట్లు పెట్టాడనీ నాటి పుస్తక వ్యాపారి వెస్పసియానో రాశాడు. మఠంలో తనకోసం ఒక గది కూడా ఉంచుకున్నాడు. అతని మనవడు లొరెంజో లెక్క ఇంకా ముచ్చటైనది. 1434 నుంచి 1471 వరకు దానాలకీ, కట్టడాలకీ, పన్నులకీ ఇంట్లోంచి పోయిన సొమ్ము 6,63,755 ఫ్లోరిన్లట. పుణ్యం, గోడ, పన్ను, మూడూ ఒకే మొత్తంలో!

ఇక వాళ్ల సొంత చర్చి సాన్ లొరెంజో. ముఖద్వారపు గోడకి పాలరాయి తొడగమని 1518లో మైకెలాంజెలోతో ఒప్పందం జరిగింది. రెండేళ్లకి రద్దయింది. ఆ గోడ నేటికీ బోసిగానే ఉంది.

అదే శతాబ్దంలో ఆ వంశపు మరో శాఖవాడు, కోసిమోయే పేరు, డ్యూక్ అయ్యాడు. ఇతనికి ఊరి భయం లేదు. 1560లో ప్రభుత్వ కార్యాలయాల కోసం ఉఫీత్సి భవనం పని మొదలైంది. 1565లో కొడుకు పెళ్లి సందర్భంగా అదే వసారి చేత అయిదు నెలల్లో, నది వంతెన మీది దుకాణాల పైనుంచి, అవతలి ఒడ్డు ప్యాలెస్ దాకా కప్పు ఉన్న దారి కట్టించాడు. తాతల నాటి ఇంటివాళ్లు వీధి జనానికి కూర్చోవడానికి బల్ల వేస్తే, ఈయన వాళ్ల తలల మీదుగా నడిచిపోయాడు. ఒక్కచోటే తగ్గాడు. వంతెన చివర మనెల్లీ కుటుంబం వాళ్లు తమ బురుజు కూల్చడానికి ఒప్పుకోలేదు. అందుకే డ్యూక్ గారి దారి అక్కడ రాతి దన్నుల మీద వేలాడుతూ బురుజుని చుట్టి వెళుతుంది. ఉఫీత్సి మొత్తం కంటే నాకు ఆ వంకరే ఎక్కువ ఇష్టం.

1593లో ఆ తర్వాత డ్యూక్ అయిన ఫెర్దినాందో అదే వంతెన మీది మాంసం కొట్లని ఖాళీ చేయించి ఆ చోటు కంసాలులకి ఇప్పించాడు. కసాయివాళ్లు వెళ్లిపోయారు. అడ్డం పెట్టుకోవడానికి వాళ్లకి బురుజు లేదు.