రవ్వంత లోహానికి దండం

తాండూరు బండా, నీకు దండం పెట్టేముందు నీలోని రవ్వంతకు దండం పెడతాను. నువ్వు సున్నపురాయివి. నీ ఒంట్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. కానీ నీ రూపూ నీ రంగూ ఒక్క కాల్షియం ఇచ్చినవి కావు. ఎప్పుడూ దాని దారికి అడ్డుపడే మెగ్నీషియం, నీళ్ళలో ఉందా లేదా అన్నంతగా కరిగి ఉన్న ఇనుము, మాంగనీసు, స్ట్రాన్షియం, వీటన్నిటికంటే ముందు ఎక్కడో నిలదొక్కుకున్న ఒక విత్తన స్ఫటికం, ఇన్ని చేతులు పడితే గానీ సున్నం రాయి కాదు.

50 కోట్ల ఏళ్ళకు పైబడిన నాడు ఈ నేల లోతు లేని సముద్రం. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని భీమా హరివాణం అంటారు. తాండూరు దగ్గరి రాయీ, కర్ణాటకలోని సేడం, షాబాద్ వైపు రాయీ ఒకే తల్లి బిడ్డలు. అందుకే ఇక్కడ నాపరాయిని షాబాద్ బండ అన్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. గవ్వలూ శంఖాలూ పుట్టకముందటి సముద్రమది. ఇవాళ కడలి అడుగున చేరే సున్నం చాలావరకు జీవుల పెంకుల నుంచే వస్తుంది. అప్పుడు పెంకులే లేవు. సూక్ష్మజీవుల సాయంతో నీళ్ళే సున్నాన్ని దించుకోవాలి.

నీళ్ళు ఆ పనికి అంత తేలిగ్గా ఒప్పుకోవు. కాల్షియమూ కార్బొనేటూ ఇమడవలసిన దానికి ఎన్నో రెట్లు నిండి ఉన్నా నీరు తేటగానే ఉంటుంది. ఇప్పటి వెచ్చని సముద్రాల పైనీళ్ళు కూడా అలాగే నిండి, అలాగే ఊరుకుంటున్నాయి. ఎందుకంటే అప్పుడే పుట్టిన స్ఫటికం మరీ చిన్నది. దానికి లోపలి ఒళ్ళు తక్కువ, పైచర్మం ఎక్కువ. లోపల వరుసగా అమరడం వల్ల కలిసొచ్చే శక్తి ఆ చర్మానికయ్యే ఖర్చుకే చాలదు. కాల్షియం, కార్బొనేటు అయాన్లు గుమిగూడతాయి, చెదిరిపోతాయి, మళ్ళీ గుమిగూడతాయి. ఒక హద్దు దాటిన గుంపే నిలుస్తుంది. పాలు ఎంత చిక్కగా ఉన్నా తోడు పడందే గడ్డపెరుగు కానట్టు, ఆ సముద్రానికీ తోడు కావాలి. అది గాలికి కొట్టుకొచ్చిన మట్టి రేణువు కావచ్చు, సూక్ష్మజీవి పైపొర కావచ్చు, అంతకుముందే పుట్టిన సున్నపు నలుసు కావచ్చు. తోడు దొరికిన చోట చర్మం ఖర్చు తగ్గుతుంది, అయాన్లు కుదురుకుంటాయి. తోడును బట్టే రూపం కూడా. కాల్సైట్ నలుసు మీద కాల్సైట్ పెరుగుతుంది, అరగొనైట్ సూది మీద అరగొనైట్ పెరుగుతుంది. ఒకే కాల్షియం, ఒకే కార్బొనేటు, రెండు వేరు వేరు అమరికలు. విత్తనమా, నీ వంశాన్ని నిలబెట్టుకునే నీ పట్టుదలకు దండం.

మెగ్నీషియమా, నీకు రెండు దండాలు. నువ్వు రవ్వంతవి కాదు. కిలో సముద్రపు నీటిలో నువ్వు సుమారు 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు. అయాన్ల లెక్కన కాల్షియానికి నువ్వు ఐదింతలు. అయినా నీ కథ ఎక్కువ తక్కువల కథ కాదు, నీళ్ళను వదలని నీ తత్వం కథ. నీ చుట్టూ ఆరు నీటి అణువులు బిగించి పట్టుకుని ఉంటాయి. కాల్సైట్ అంచు దాకా వస్తావు, నీళ్ళను మాత్రం విడవలేవు. నువ్వు అక్కడ తచ్చాడినంతసేపూ వెనక వచ్చేవాళ్ళకు దారి ఉండదు. ఎలాగో లోపలికి చేరావా, నీ కొలత 0.72 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాల్షియం కొలత 1.00. కాల్షియం గదిలో నువ్వు సరిపోక చుట్టూ అమరిక నలుగుతుంది, ఆ కాల్సైట్ మామూలు కాల్సైట్ కంటే తొందరగా కరుగుతుంది. 1975లో రాబర్ట్ బర్నర్ అనే భూరసాయన శాస్త్రవేత్త సముద్రపు నీటిలో రెండు రకాల విత్తనాలూ వేసి చూశాడు. మెగ్నీషియం ఉన్న నీటిలో కాల్సైట్ ఎదుగుదల బాగా మందగించింది, అరగొనైట్ మాత్రం దాన్ని లెక్కచేయకుండా పెరిగింది. ఇప్పటి సముద్రాల్లో అరగొనైట్ సూదులు ఎందుకు దిగుతున్నాయో అక్కడ తెలిసింది. మెగ్నీషియం పాలు తగ్గిన యుగాల్లో, అంటే కాల్షియానికి రెండింతలకు లోపు పడిపోయిన కాలాల్లో, సముద్రం కాల్సైట్‌నే దించింది. భూమి చరిత్రలో కాల్సైట్ సముద్రాలు, అరగొనైట్ సముద్రాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోయాయి. ఒక లోహం పాలు మారితే సముద్రాల స్వభావమే మారింది.

స్ట్రాన్షియమా, నువ్వు కిలో నీటికి 8 మిల్లీగ్రాములే. కాల్షియం కన్నా పెద్ద ఒళ్ళు నీది. కాల్సైట్‌లో ఆరు ఆక్సిజన్ల ఇరుకు గది నీకు పట్టదు. అరగొనైట్‌లో తొమ్మిది ఆక్సిజన్ల విశాలమైన గది నీ కోసమే కట్టినట్టుంటుంది. ఇప్పుడు కాల్సైట్‌గా కనిపించే పాత రాయిలో నువ్వు లెక్కకు మించి దొరికితే, అది మొదట అరగొనైట్‌గా పుట్టిందేమో అని శాస్త్రజ్ఞులు అనుమానిస్తారు. రాయి పూర్వజన్మకు సాక్షివి నువ్వు.

ఇనుమా, నీ దగ్గర కాసేపు ఆగాలి. గాలిలో ప్రాణవాయువు రాకముందటి సముద్రాల్లో నువ్వు హాయిగా కరిగి తిరిగేదానివి. ఆ రోజుల్లో కొన్నిచోట్ల సున్నం నీళ్ళలో నలుసులుగా పుట్టకుండా, నేరుగా సముద్రపు అడుగు మీదే విసనకర్రల్లాంటి పెద్ద పెద్ద స్ఫటికాలుగా లేచింది. నీళ్ళలో కొత్త నలుసు పుట్టకుండా ఇనుమే అడ్డుకుని ఉంటుందని 1996లో డాన్ సమ్నర్, జాన్ గ్రోట్జింగర్ ప్రతిపాదించారు. వాళ్ళ లెక్కన పుట్టుకను ఆపావు, అడుగున ఉన్నవాటి పెరుగుదలను మాత్రం సాగనిచ్చావు. ప్రాణవాయువు పెరిగి నువ్వు తుప్పుగా దిగిపోయాక నీళ్ళలో సున్నపు పొడి పుట్టడానికి అడ్డు తొలగింది. తాండూరు బండ అలాంటి సన్నటి సున్నపు బురద పేరుకున్న రాయే. గనిలో అప్పుడే లేపిన బండ అంచు దగ్గర కూర్చుని చూడండి. వేలి మందం సున్నం, దాని మీద కాగితం మందం బంకమట్టి, మళ్ళీ సున్నం. ఆ మట్టి పొర దగ్గరే ఉలి దిగుతుంది, బండ పలకగా లేస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే నీలం బండ మబ్బు రంగులోకి, పసుపు బండ పండు కంది రంగులోకి తేలుతుంది. పసుపు నీదే ఇనుమా, గాలి తగిలి తుప్పు పట్టిన నీ జాడే. రాయిలో ఎంతో కొద్దిగా ఉన్న నువ్వు ఊళ్ళకు ఊళ్ళ అరుగులకు రంగు వేశావు.

మాంగనీసు మరీ గుంభనం. శూన్యంలో ఉంచిన కాల్సైట్ పలక మీద ఎలక్ట్రాన్ల ధార పడితే, లోపలి మాంగనీసు నారింజ రంగులో వెలుగుతుంది. పక్కన ఇనుము ఎక్కువుంటే ఆ వెలుగు ఆరిపోతుంది. ఒకే స్ఫటికం ఏ పొరను ఏ నీటిలో పెంచుకుందో ఆ వెలుగు చీకట్ల వరుసల్లో చదవవచ్చు.

డోలమైట్ సంగతి చెప్పకుండా ఉండలేను. కాల్షియం ఒక వరుస, మెగ్నీషియం ఒక వరుసగా పేర్చిన ఆ రాయి కొండలుగా ఉంది. మామూలు వేడిలో ప్రయోగశాలలో మాత్రం ఎవరూ పెంచలేకపోయారు. 2023లో మిషిగన్, హొక్కైడో విశ్వవిద్యాలయాల వాళ్ళు దారి కనిపెట్టారు. చిన్న డోలమైట్ విత్తనం తీసుకుని, దాన్ని ఎలక్ట్రాన్ల ధారతో రెండు గంటల్లో 4,000 సార్లు తట్టారు. తట్టినప్పుడల్లా వరుస తప్పి కూర్చున్న అయాన్లు కరిగిపోయాయి, సరైనవి మిగిలాయి. అంతకుముందు ఐదు పొరలు దాటని స్ఫటికం 300 పొరలు పెరిగింది. వానా ఎండా, నింపుతూ కరిగిస్తూ లక్షల ఏళ్ళు చేసే పని అదేనన్నమాట. విత్తనానికి ఓపిక నేర్పింది కరగడమే.

ఇక వికారాబాదు వైపు తలెత్తాలి. అనంతగిరి గుట్టలు ఎర్రనివి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొంగిన లావా గట్టిపడి బసాల్టు అయింది. వానలు దాన్ని నమిలి, కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించి తీసుకుపోయాయి. పోలేనిదల్లా ఇనుము, అల్యూమినియం. పైన మిగిలిన ఆ ఎర్రరాయే మనం చూసే గుట్ట. ఈ గుట్టల నీళ్ళు మూసీగా తూర్పుకు, కాగ్నాగా పడమటికి నడుస్తాయి. కాగ్నా తాండూరు మీదుగా భీమాలో కలుస్తుంది. దారులు రెండైనా చివరికి చేరేది కృష్ణకే.

బసాల్టూ సున్నపురాయీ అరిగిన నల్లరేగడి ఈ పడమటి నేల. ఎండాకాలం భూమి నెర్రెలిచ్చి నీళ్ళు ఆవిరైపోతుంటే, ముందుగా కాల్షియం కార్బొనేటుగా మారి మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు కడుతుంది. పాత గడ్డ మీదికే కొత్త సున్నం చేరుతుంది, అక్కడా విత్తనానిదే పెద్దరికం. కాల్షియం వెళ్ళిపోయిన నీటిలో మెగ్నీషియం పాలు పెరుగుతుంది. అలాంటి నీటి నుంచే మెగ్నీషియం నిండిన అటపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం పుడుతుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, దాని ప్రత్యేకతకు కారణంగా చూపినవాటిలో ఈ నల్లమట్టీ, ఇందులోని అటపల్గైట్, కింద పరచుకున్న సున్నపురాయీ ఉన్నాయి. మెగ్నీషియమా, సముద్రంలో కాల్సైట్‌కు దారి మూసిన నువ్వే ఈ చేలల్లో కంది వేరు దగ్గర మట్టివై ఉన్నావు.