ఉలి పట్టిన చేతికి ఒక పేరు

క్రైస్తవ సంఘంలో ప్రవేశానికి తొలి సంస్కారమైన బాప్తిస్మానికి, అంటే కతోలికులు జ్ఞానస్నానమని పిలిచే క్రతువుకు, నీరు నింపి ఉంచే రాతి తొట్టి మధ్యయుగపు ఐరోపాలో దాదాపు ప్రతి విచారణ ఆలయానికీ తప్పనిసరి వస్తువు. విచారణ అంటే ఒక గురువు బాధ్యతలో ఉండే విశ్వాసుల ప్రాంతం. సంఘంలోకి అడుగుపెట్టే మార్గం బాప్తిస్మమే కనుక తొట్టిని సాధారణంగా ఆలయ ద్వారానికి దగ్గరగానే నిలిపేవారు. గోడలు కూలినా, కప్పు మారినా, ఆలయాన్నే కొత్తగా కట్టుకున్నా పాత తొట్టిని మాత్రం వదులుకోలేదు కనుక, ఇంగ్లండ్‌లోని ఎన్నో గ్రామాలలో ఆలయం కన్నా అందులోని తొట్టే వయసులో పెద్దది.

చూడటానికి సాదాగా ఉన్నా దాని నిర్మాణంలో చాలా ఆలోచన ఉంది. అప్పట్లో శిశువును నీటిలో ముంచి బాప్తిస్మం ఇచ్చేవారు కాబట్టి తొట్టి లోతుగా, వెడల్పుగా ఉండాలి. కొన్ని రకాల రాళ్లు నీటిని పీల్చుకుంటాయి కనుక లోపల సీసపు రేకు పరిచేవారు. మంత్రించిన నీటిని బయట పారబోయకుండా నేలలోకే ఇంకిపోయేలా అడుగున రంధ్రం తొలిచేవారు. ఆ నీటిని దొంగిలించి క్షుద్ర ప్రయోగాలకు వాడతారన్న భయంతో 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్, తొట్లకు మూతలు వేసి తాళం పెట్టాలని ఆదేశించాడు. కొన్ని పాత తొట్ల అంచుల మీద ఆ తాళపు కొక్కేల గుర్తులు నేటికీ కనిపిస్తాయి.

ఇటువంటి తొట్లలో ఇంగ్లండ్ వాయవ్య భాగంలోని కంబ్రియాలో, బ్రైడ్‌కర్క్ గ్రామ ఆలయంలో ఉన్నదానికి ప్రత్యేక స్థానం ఉంది. 12వ శతాబ్దం మధ్యకాలానికి చెందిన ఈ తొట్టి మీద క్రీస్తు బాప్తిస్మం, ఏదెను తోట నుంచి ఆదాము హవ్వల బహిష్కారం, అల్లుకున్న తీగలు, వింత జంతువులు చెక్కి ఉన్నాయి. ఒక పక్కన ఉన్న పట్టీ మీద రూనిక్ లిపిలో, అంటే ఉత్తర ఐరోపా ప్రజలు రాతి మీద, కొయ్య మీద చెక్కడానికి వాడిన కోణాల అక్షరాలలో, ఆనాటి ఇంగ్లీషు భాషలో ఒక శాసనం ఉంది. తనను చెక్కి ఇంత అందానికి తెచ్చినవాడు రికార్త్ అని ఆ శాసనంలో తొట్టి తానే చెప్పుకుంటుంది. అక్కడే తీగల మధ్య ఉలి, సుత్తి పట్టుకుని పనిలో మునిగిన ఒక మనిషి బొమ్మ ఉంది. అది రికార్త్ తన రూపాన్ని తానే చెక్కుకున్నదని పరిశోధకులు భావిస్తారు. పవిత్ర గాథల సరసన తన శ్రమకూ చోటుందని ఆ శిల్పి నమ్మాడు, ఆ నమ్మకాన్ని ఊరు దాదాపు 850 ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చింది.

శిల్పి పేరుకున్న ఈ గౌరవం తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని జనం శిల్పి పేరుగా చెప్పుకునే రామప్ప పేరుతోనే పిలుస్తూ వచ్చారు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరేటప్పుడు కూడా ఆ పేరు ఆలయాన్ని విడిచిపోలేదు. గట్టి నల్లరాతిలో మదనికా శిల్పాల నగలను వేరువేరుగా కనబడేంత సన్నగా తీర్చిన ఆ పనితనమే, కట్టించినవాడి పేరును వెనక్కి నెట్టి చెక్కినవాడి పేరును జనం నోట నిలిపింది. కరువు రోజుల్లో కూలీలకు పని కల్పిస్తూ కట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి సైతం, దాని వెనక నిలిచిన మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ సంకల్పంతో పాటు, రాళ్లు కొట్టి, మోసి, పేర్చిన వేలాది చేతుల ఫలితమే.

హైదరాబాద్ శివారులోని బాలాపూర్, మీర్‌పేట, నాదర్‌గుల్ పరిసరాలలో నివసించేవారికి రాయి పరాయి వస్తువు కాదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టల మీదే హైదరాబాద్ నిలిచి ఉంది, ఆ గుట్టలను పగలగొట్టి పునాదులు వేసినవారిలో తరతరాలుగా రాతి పనే బతుకుగా సాగిన వడ్డెరలు ముఖ్యులు. రాతి తొట్టిని తొలవడంలో ఉన్న కష్టం రోలు తొలవడంలోనూ ఉంది. లోపల గుంట పెరిగేకొద్దీ చుట్టూ గోడ పలచబడుతుంది, చివరి దశలో ఉలి మీద ఒక్క దెబ్బ బలంగా పడితే అంతవరకు చేసిన పనంతా చీలిపోతుంది. అందుకే ఆ పనిలో బలం కన్నా నిదానానికే విలువ ఎక్కువ, ఆ నిదానం ఏళ్ల తరబడి చేతికి అలవడాలే తప్ప కొలతలతో నేర్పితే వచ్చేది కాదు.

ఇవాళ ఏ గుడి కట్టినా, ఏ చర్చి ప్రతిష్ఠించినా గోడలో శిలాఫలకం ఒకటి వెలుస్తుంది. దాని మీద ప్రారంభించిన ప్రముఖుల పేర్లు, విరాళమిచ్చిన దాతల పేర్లు ఉంటాయి, అవి ఉండటం న్యాయమే. కానీ ఆ ఫలకాన్నే చెక్కిన మనిషి పేరుకు అందులో ఒక్క పంక్తి కూడా దక్కకపోవడం న్యాయం కాదు. దాత ఇచ్చిన ధనం రాయిని కొనగలదు గానీ రాయి రూపం దాల్చేది పనివాని చేతిలోనే. బ్రైడ్‌కర్క్‌లో ఒక పల్లె ఆలయం 12వ శతాబ్దంలోనే అంగీకరించిన ఈ సత్యాన్ని ఇక్కడి సంఘాలు, ఆలయ కమిటీలు అంగీకరించడానికి ఖర్చేమీ లేదు. ఇకపై కట్టే ప్రతి కట్టడపు ఫలకం మీద మేస్త్రి పేరు, శిల్పి పేరు దాతల పేర్లతో సమానమైన అక్షరాలలో చెక్కించాలి.