ఎమ్మిగనూరు బస్సెక్కిన డిస్కు

ఈ వారం ఆదోనిలో ఒక పత్తి మండీకి వెళ్లి సంతోషంగా తిరిగొచ్చాను. శనివారం లెక్కలు ముగిశాక సర్వర్లోని ఖాతాలన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, పాస్‌వర్డ్ పెట్టి, ఆర్టీసీ బస్సులో ఎమ్మిగనూరులోని వియ్యంకుడి ఇంటికి చేరుస్తున్నారు. అక్కడున్న పాత డిస్కు తిరిగొస్తుంది. రెండు ఊళ్ల మధ్య దాదాపు 30 కిలోమీటర్లు.

నాదొక పాత పోరు ఉంది: సర్వర్ పక్క సొరుగులో దాచిన నకలును నేను బ్యాకప్‌గా లెక్కించను. నిప్పంటుకుంటే రెండూ పోతాయి. పత్తి ఊళ్లో నిప్పు సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

నీటి సంగతి మాత్రం 2009 చెప్పింది. ఆ అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర మంత్రాలయాన్నీ కర్నూలునూ ముంచేసింది. నీళ్లు తీశాక కర్నూలులో ఒక వ్యాపారి బురద చిట్టాలను పేజీ పేజీ విడదీసి మిద్దె మీద ఆరేయడం చూశాను. సిరా అలికిపోయినా కొన్ని అంకెలు కనబడుతున్నాయి. పక్కనే కంప్యూటరు, నోట్లోంచి నీళ్లు కారుతూ. దాన్ని ఎండబెట్టి ఆయన ఏం చదువుకోవాలి? బాకీదారుల ఇళ్లకు వెళ్లి ‘నువ్వెంత ఇవ్వాలప్పా?’ అని అడిగాడు. చాలామంది ఉన్నదే చెప్పారట. వాళ్లకు దండం పెడతాను. కానీ ఒక వ్యాపారం ఎదుటివాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడే గతి ఎవరికీ రాకూడదు.

ఒకే నది ఒడ్డున, ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉన్న రెండు ఊళ్లు ఒకే వరదకు మునిగాయి. అందుకే మండీవాళ్లకు 30 కిలోమీటర్లు చాలవు, క్లౌడ్‌కు మారమని చెప్పాలనుకున్నాను. లెక్క వేశాను. ఒక టెరాబైటును సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పైకి పంపాలంటే నాలుగున్నర రోజులు దాటుతుంది. మొదటి నకలుకు బస్సే నయం. ఆ తర్వాత మారిన ముక్కలను మాత్రమే రాత్రిపూట నెట్‌లో పంపొచ్చు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ తెచ్చిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ ఆ పని ఉచితంగా చేస్తుంది.

అయితే రాన్సమ్‌వేర్ ఇక్కడి ఖాతాలను పాడుచేస్తే ఆ పాడైన ఖాతాలే అవతలికీ వెళ్లి మంచివాటి మీద కూర్చుంటాయి, పాత ప్రతులు విడిగా ఉంచకపోతే. వైరు తీసి బీరువాలో పెట్టిన డిస్కును ఏ వైరసూ అందుకోలేదు. పైగా ఆదోని, ఎమ్మిగనూరు రెండూ నది ఒడ్డున లేవు.

క్లౌడ్ మాట ఎత్తకుండా, ‘ఆ డిస్కులోంచి ఒక పాత పట్టీ తెరిపించండి’ అని మాత్రం అడిగాను. గుమస్తా ఎమ్మిగనూరుకు ఫోన్ చేశాడు. కాసేపటికి నిరుటి పట్టీ ఫొటో వచ్చింది. తూకం, ధర, హమాలీ అన్నీ సర్వర్లోని లెక్కతో సరిపోయాయి.