నాగశిలలు : అర్థవిచారము

కృష్ణామండలమందలి పామర్రు పేరును ‘పాము’, ‘అఱ్ఱు’ (మెడ) అని రెండు పదములుగా విఱుచుట సులభము. ఉత్వసంధి చక్కఁగాఁ గుదురును. అయినను సంధి కుదిరినంతమాత్రమునఁ జరిత్ర సిద్ధింపదు. శాసనములందలి ప్రాచీనరూపమును జూడక గ్రామనామమునకు వ్యుత్పత్తి చెప్పుట సాహసము. పాములతో ముడివడిన శిలలయెడను ఇట్టి తొందర కలదు. నాగప్రతిమ, శిలాజము, పాముఱాయి యనునవి మూఁడును వేఱువేఱు వస్తువులు. వీనిని ‘నాగశిల’ యను నొక్క పేరఁ గలుపుటచే విచారము చెడుచున్నది.

అందు మొదటిది ప్రతిమ. పామర్రు చుట్టునున్న నేల కృష్ణానది తెచ్చి పఱచిన ఒండ్రుమట్టి. కావున నిట్టిచోట నాగప్రతిష్ఠకు ఱాయి వెలినుండి రావలయును. రూపము శిల్పి యీయవలయును. దివిసీమలోని మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరాలయమున సర్పపుఁజుట్టలే లింగమునకుఁ బానవట్టమైనవి. కార్తీకశుద్ధ చవితినాఁడు జనులు పుట్టలోఁ బాలు పోయుదురు. ఇచ్చట ఱాతికి నాగత్వము నొసఁగినది భక్తియే కాని భూగర్భము కాదు.

రెండవది శిలాజము. గండకీనదిలో దొరకు సాలగ్రామములలోఁ బెక్కు ‘అమ్మొనైట్’ అను సముద్రజీవి పెంకులు ఱాయిగా మాఱినవి. వాని వయస్సు సుమారు 15 కోట్ల యేండ్లు. వానియందలి చుట్టలు వైష్ణవులకు విష్ణుచక్రము. వానిని వజ్రకీటము తొలిచెనని ప్రసిద్ధి. ఇంగ్లండునందలి విట్బీలో నట్టి శిలాజములనే జనులు పాములనిరి. 7వ శతాబ్దికిఁ జెందిన హిల్డా యను సాధ్వి పాములను ఱాళ్లుగా మార్చెనని యచ్చటి కథ. ఆ ఱాళ్లకుఁ దలలు లేవు గనుక అమ్మువారు తలలను జెక్కి యతికిరి. శాస్త్రజ్ఞులును అందొక జాతికి ఆమె పేరనే ‘హిల్డోసెరాస్’ అని నామకరణము చేసిరి. ఒకే యాకృతి యిచ్చటఁ జక్రము, అచ్చటఁ బాము! కావున నాకృతి యొక్కటియే యర్థమును నిర్ణయింపఁజాలదు. శిలాజములను జూచియే నాగపూజ పుట్టినదను నూహకు సాలగ్రామమే ప్రతిబంధకము.

మూఁడవది పాముఱాయి. ఇది తఱచుగాఁ గాల్చిన యెముకముక్క. దాని సన్నని రంధ్రములు తడిని పీల్చుటచే గాయమున కంటుకొనును. విషమును లాగుచున్నదని చూచువారు భ్రమింతురు. ఇండియానుండి వచ్చిన యిట్టి ఱాళ్లను ఇటలీదేశీయుఁడగు ఫ్రాంచెస్కో రేడీ పరీక్షించి, అవి నిష్ప్రయోజనములని 1671లోఁ బ్రకటించెను.

ప్రతిమ విశ్వాసమునకు సంబంధించినది. దానిని బరీక్షింపఁ బనిలేదు. పాముఱాయి యట్లు కాదు. అది ప్రాణము నిలుపుదునని చెప్పు మాట. నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరుగు వరిపొలములలో నా మాటను నమ్మి గడియ జాగుచేసినచో మనుష్యుఁడు దక్కఁడు. కాటుపడినవానికి వైద్యశాలయందలి ప్రతివిషమే శరణ్యము. కథను గథగాఁ జదివించుట పండితుని పని. మందును మందుగాఁ బరీక్షింపుమని చెప్పుటయు నాతని పనియే.