చూపు కొలిచే చేయి

ఆప్టోమెట్రీ అంటే చూపును కొలిచి, అందులోని లోపాన్ని అద్దాలతోనో కాంటాక్ట్ లెన్సులతోనో సరిదిద్ది, వైద్యమో శస్త్రచికిత్సో అవసరమైన జబ్బులను ముందుగా పసిగట్టి నేత్రవైద్యుల దగ్గరకు పంపే వృత్తి. కంటి డాక్టరుకూ, చీటీ చూసి కళ్ళజోడు బిగించే ఆప్టీషియన్‌కూ నడుమ నిలిచే ఈ వృత్తిని తెలుగునాట చాలామంది ఇప్పటికీ కళ్ళద్దాల షాపు పనిగానే లెక్కగడుతున్నారు. 1985లో చెన్నైలో శంకర నేత్రాలయ ఆధ్వర్యంలో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ మొదలై నాలుగేళ్ల డిగ్రీకి బాట వేసింది. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ కూడా ఆప్టోమెట్రీ బోధనను తన పనిలో భాగం చేసుకుంది. అయినా బైపీసీ చదివిన పిల్లల్లో ఎంతోమంది ఎంబీబీఎస్ సీటు రాని పక్షంలోనే దీని పేరు వింటున్నారు.

డిగ్రీలో ముందు పాఠాలు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కాంతిశాస్త్రం, కంటి నిర్మాణం, ఔషధశాస్త్రం, రెండు కళ్ళ సమన్వయం వంటివి పాఠ్యాంశాలు. వీటిలో విద్యార్థి కంటినీ చేతినీ లెక్కనూ ఒకేసారి పరీక్షించేది రెటినోస్కోపీ. మసక వెలుతురు గదిలో రోగిని దూరంగా ఉన్న గురుతు వైపు చూడమని, పరీక్షకుడు చేయి చాచినంత దూరంలో, అంటే దాదాపు 67 సెంటీమీటర్ల ఎడంలో కూర్చుని, రెటినోస్కోపు నుంచి సన్నని వెలుగు చారను కంటిపాప మీద అటూ ఇటూ నడిపిస్తాడు. కంటి వెనకపొర అయిన రెటినా నుంచి తిరిగివచ్చే ఎర్రని మెరుపు చారతో పాటే కదిలితే ప్లస్ లెన్సులు, ఎదురు కదిలితే మైనస్ లెన్సులు వేస్తూ పోతాడు. కదలిక ఆగి పాప అంతా ఒక్కసారిగా వెలిగిన చోట లెక్క నిలుస్తుంది. లెన్సు శక్తిని కొలిచే ప్రమాణం డయాప్టర్, అంటే మీటర్లలో చెప్పిన నాభ్యంతరానికి విలోమం. కనుక 67 సెంటీమీటర్ల ఎడానికి 1.50 డయాప్టర్లు తీసివేయాలి. +2.50 దగ్గర మెరుపు ఆగితే ఆ కంటికి అసలు పవర్ +1.00, −1.00 దగ్గర ఆగితే −2.50. దోషం ఎక్కువగా ఉంటే మెరుపు మసగ్గా, నెమ్మదిగా కదులుతుంది, దోషం సర్దుకునే కొద్దీ చురుకెక్కుతుంది. ఆ వేగాన్ని చూసి ఎంత పెద్ద లెన్సు అందుకోవాలో చేతికి తెలియాలంటే వందల కళ్ళు చూసి ఉండాలి.

ఈ సాధనకు ఇప్పుడు ఆటోరిఫ్రాక్టోమీటర్ అడ్డు వచ్చింది. గడ్డం ఆనించి లోపలి బొమ్మను చూస్తే క్షణాల్లో పవర్ అంకెలను అచ్చువేసి ఇచ్చే ఈ యంత్రాన్ని తప్పుపట్టనక్కరలేదు, దాని అంకెను ఆరంభంగా కాక తీర్పుగా తీసుకోవడమే తప్పు. పిల్లల కంటిలోని కండరం దగ్గరి వస్తువు మీద బిగిసే గుణం కలది కాబట్టి, యంత్రంలోకి చూస్తున్నప్పుడు అది బిగుసుకుని లేని మైనస్‌ను చూపించగలదు. అందుకే సైక్లోపెంటోలేట్ వంటి చుక్కలు వేసి ఆ కండరాన్ని సడలించాకే చిన్నపిల్లల పవర్ నిర్ణయించాలన్న నియమం ఉంది. కార్నియా, అంటే కంటి ముందుపొర, శంకువులా ఉబికే కెరటోకోనస్‌లో రెటినోస్కోపు మెరుపు రెండుగా చీలి కత్తెర రెక్కల్లా కదులుతుంది. ఆ కదలికను ఒకసారి పోల్చుకున్న చేయి మామూలు అద్దాల కోసం వచ్చిన యువకుణ్ణి సకాలంలో నేత్రవైద్యుడి దగ్గరకు పంపగలదు. అచ్చు కాగితం మీద అదే కన్ను వట్టి పెద్ద సిలిండర్ (ఆస్టిగ్మాటిజం పవర్) అంకెగా కనిపించి ఊరుకుంటుంది.

దగ్గరి చూపు సంగతి ఇంకా సూక్ష్మం. నలభై దాటాక వచ్చే చత్వారంలో కంటి సహజ లెన్సు బిరుసెక్కి దగ్గరి వస్తువు మీద నిలవలేకపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం దీనికి సరైన అద్దాలు అందనివారు 82.6 కోట్ల మంది. ఇలాంటి వారందరికీ వయసు చూసి ఒకే అంకె రాసివ్వడం చదువుకున్నవాడు చేయవలసిన పని కాదు. పోచంపల్లిలో మగ్గం మీద 60 సెంటీమీటర్ల దూరంలో పోగును చూసే నేతగాడికి దాదాపు 1.67 డయాప్టర్లు కావాలి, 40 సెంటీమీటర్ల దగ్గర పుస్తకం చదివేవాడికి 2.50, 25 సెంటీమీటర్ల దగ్గర నగను పట్టే కంసాలికి 4. ఇందులో కంటికి మిగిలిన సొంత శక్తి ఎంతో తేల్చి, మిగతాదే అద్దానికి అప్పగించాలి. పేపరు చదవడానికి సరిపోయే జోడు మగ్గం మీద పోగును మసకబారుస్తుంది కనుక, ఏం పని చేస్తారు, ఎంత దూరంలో చేస్తారు అనే రెండు ప్రశ్నలు లెన్సుల పెట్టె తెరవకముందే అడగవలసినవి.

పట్టా చేతికొచ్చాక దారులు చాలానే ఉన్నాయి: కంటి ఆసుపత్రులు, గ్రామీణ విజన్ సెంటర్లు, కాంటాక్ట్ లెన్స్ క్లినిక్కులు, బోధన, పరిశోధన. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆప్టోమెట్రిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అమెరికా వెళ్ళదలచిన తెలుగు విద్యార్థులు మాత్రం ఇక్కడి పట్టాతోనే అక్కడ ప్రాక్టీసు పెట్టలేమని, డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ చదివి లైసెన్సు పొందాలని ముందే తెలుసుకోవాలి.

పేరున్న గొలుసు షాపుల్లో ఉద్యోగం దొరకడం సులువే, అయితే కంటిపరీక్ష ఉచితమై రాబడి అంతా ఫ్రేముల మీద ఆధారపడిన చోట, ఈ కళ్ళకు అద్దాలే అవసరం లేదని చెప్పే ధైర్యం కొత్త ఉద్యోగికి కష్టంగా ఉంటుంది. ఆ మాట అనగలగడం ఈ చదువులో సగం. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగు, ఆ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు అదే పేరుతో మొదలైన కార్యక్రమం, ఊరూరా కంటిపరీక్షను తీసుకుపోయి ఎంతో మేలు చేశాయి. అలాంటి శిబిరాల్లో జనం బారులు తీరినప్పుడు యంత్రం అంకెను యథాతథంగా చీటీలోకి ఎక్కించే తొందర కూడా సహజం.

అందువల్ల ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కొన్ని నెలలు, ఆటోరిఫ్రాక్టోమీటర్ లేని విజన్ సెంటర్‌లో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో గడపడాన్ని విశ్వవిద్యాలయాలు తప్పనిసరి చేయాలి. విద్యార్థి ముందుగా తన రెటినోస్కోపు అంకెను రాసి, తరువాత రోగి జవాబులతో సరిచూసి, రెండూ ఎక్కడ విడిపోయాయో చీటీ వెనక నమోదు చేయాలి. అలా నింపిన పుస్తకాన్ని చివరి ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ తిరగేసి, మార్కులు ఆ తేడాలకు విద్యార్థి చెప్పే కారణాల మీదనే వేయాలి.